న్యూబెరీ, కాల్డికాట్ పుస్తకాల్లో ఏవి, ఏ వయసుకు: ఒక తల్లి ప్రశ్నకు సమాధానం

మీ అమ్మాయికి తొమ్మిదేళ్లు, బాబుకు అయిదేళ్లు అని రాశారు. బహుమతి వచ్చిన పుస్తకాలైతే ఎంపికలో పొరపాటు జరగదన్న నమ్మకంతో న్యూబెరీ పతకం పొందిన పుస్తకాల జాబితా తీసి, 1922 నుంచి వరుసగా చదివిద్దామని మొదలుపెట్టారు. మొదటి పుస్తకంలో ముప్పై పేజీలు దాటకముందే పాప దాన్ని పక్కన పెట్టేసింది. వరుస వదిలేసి బ్రిడ్జ్ టు టెరబీతియా అనే నవల తెచ్చిస్తే, దాన్ని చివరిదాకా చదివి రెండు రోజులు ఏడ్చింది, రాత్రిపూట ఒంటరిగా పడుకోనంది. వెండి ముద్ర ఉన్న పుస్తకాలు రెండో రకమనుకుని మీరు వాటిని ముట్టుకోలేదు. బాబు కోసం ఏవి తేవాలో, ఊరి నుంచి వచ్చి మీ దగ్గర ఉంటున్న మీ అత్తగారు ఇంగ్లీషు రాకుండా మనవడికి పుస్తకం ఎలా చెప్పగలరో, తెలుగులోనూ బహుమతులు పొందిన పిల్లల పుస్తకాలు ఉన్నాయో లేవో కూడా అడిగారు. అమెరికాలో ఒక పబ్లిక్ లైబ్రరీ పిల్లల విభాగంలో పంతొమ్మిదేళ్లు పనిచేశాను. నా ఇద్దరు పిల్లలూ ఈ పుస్తకాలతోనే పెరిగారు. ఆ అనుభవంతో నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

ముందుగా న్యూబెరీ పతకం పొందిన పుస్తకం అట్ట మీద కనిపించే బంగారు ముద్ర దేనికి వేస్తారో తెలుసుకుంటే సగం చిక్కు విడిపోతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్‌లో పిల్లల కోసం ప్రత్యేకంగా పుస్తకాలు అచ్చువేసి అమ్మిన జాన్ న్యూబెరీ పేరు మీద, ఫ్రెడరిక్ మెల్చర్ అనే ఆయన 1921లో చేసిన ప్రతిపాదనతో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1922 నుంచి ఈ పతకం ఇస్తోంది. అంతకు ముందు సంవత్సరం అమెరికాలో ఇంగ్లీషులో వెలువడిన పిల్లల పుస్తకాల్లో రచనాపరంగా అన్నిటికంటే విశిష్టమైనదని పదిహేను మంది సభ్యుల కమిటీ భావించిన పుస్తకానికి ఇది దక్కుతుంది. రచయిత అమెరికా పౌరులు గానీ అక్కడ నివసించేవారు గానీ అయి ఉండాలి. ఈ నియమాల్లో తల్లిదండ్రులు గమనించవలసినవి రెండున్నాయి. ఒకటి, పిల్లలంటే పద్నాలుగేళ్ల వయసు దాకా అని వాళ్ల లెక్క. కాబట్టి ఎనిమిదేళ్ల పాప చదవగలిగిన పుస్తకం మీదా, పదమూడేళ్ల పిల్లవాడు కూడా తట్టుకోలేనంత బరువైన పుస్తకం మీదా ఒకే ముద్ర కనిపిస్తుంది. రెండోది, నీతి బోధించినందుకు గానీ, ఎక్కువ మంది పిల్లలు ఇష్టపడినందుకు గానీ ఈ పతకం ఇవ్వరాదని నియమావళిలోనే స్పష్టంగా రాసి ఉంది. అంటే ఈ పుస్తకం బాగా రాశారని ఆ ముద్ర హామీ ఇస్తుంది. మీ పాపకు ఈ ఏడాది, ఈ వారం సరిపోతుందా లేదా అన్నది మాత్రం ఇంట్లో మీరు తేల్చుకోవలసిందే.

మీ పాప వదిలేసిన పుస్తకం గురించి మీరేమీ బాధపడకండి. 1922లో మొట్టమొదటి పతకం అందుకున్న ది స్టోరీ ఆఫ్ మ్యాన్‌కైండ్ కథ కాదు. హెండ్రిక్ విలెమ్ వాన్ లూన్ రాసిన మానవజాతి చరిత్ర, అయిదు వందల పేజీలకు అటూ ఇటూగా ఉండే గ్రంథం. తొమ్మిదేళ్ల పాప దాన్ని పక్కన పెట్టడం ఆరోగ్యకరమైన లక్షణమే. సంవత్సరాల వరుసలో చదివించాలన్న ఆలోచనను పూర్తిగా విరమించుకోండి. తొలి ముప్పై నలభై ఏళ్ల పుస్తకాల్లో కొన్ని ఆనాటి జాతి అహంకారాన్ని మోస్తున్నవే. 1923లో పతకం పొందిన డాక్టర్ డూలిటిల్ ప్రయాణాల పుస్తకంలో ఆఫ్రికన్లను చిన్నచూపు చూసే భాగాలను తర్వాతి ముద్రణల్లో మార్చవలసి వచ్చింది. అటువంటివాటిని పిల్లల చేతికిచ్చి మనం వేరే పనిలో పడకూడదు; పక్కన కూర్చుని చదవాలి, లేదా పాప పెద్దయ్యే దాకా ఆగాలి.

టెరబీతియా విషయానికి వస్తే, అది ఈ జాబితాలోని ఉత్తమమైన పుస్తకాల్లో ఒకటి, 1978 పతకం దానిది. రచయిత్రి క్యాథరిన్ పాటర్‌సన్ కొడుకు ఎనిమిదేళ్ల వయసులో ఉండగా అతని ప్రాణస్నేహితురాలు పిడుగుపాటుకు చనిపోయింది. ఆ దుఃఖాన్ని కొడుకుకూ తనకూ అర్థం చేసుకోవడానికే ఆమె ఈ నవల రాశారు. అందుకే అందులోని మరణం ముందస్తు హెచ్చరిక లేకుండా వచ్చి పడుతుంది, ఓదార్పు కూడా ఆలస్యంగానే దొరుకుతుంది. మీ పాప ఏడ్చిందంటే పుస్తకాన్ని సరిగ్గానే చదివిందన్నమాట. ఒంటరిగా చదవడమే ఇబ్బంది తెచ్చింది. ఇప్పుడు చేయవలసింది ఒకటుంది: మీరు కూడా ఆ పుస్తకం చదవండి, చదివాక చివరి రెండు అధ్యాయాల గురించి పాపతో మాట్లాడండి. వంతెన ఎవరు కట్టారు, ఎవరిని చేయి పట్టుకుని దాటించారు అని అడగండి. భయంతో ఉన్న పిల్లలు చావు దగ్గరే ఆగిపోతారు, ఆ తర్వాత జరిగిన మంచిని గమనించరు. మా లైబ్రరీలో ఈ పుస్తకం తీసుకుంటున్న పిల్లల వెంట వచ్చిన పెద్దలకు ఇది పదకొండేళ్లకు బాగుంటుందనీ, మీరు ముందు చదివి ఇవ్వండనీ ప్రతిసారీ చెప్పేదాన్ని. ఇదే వరుసలో ది గివర్‌ను కూడా పన్నెండేళ్లు దాటే దాకా ఆపండి. లోయిస్ లౌరీ రాసిన ఆ నవల 1994 పతకం పొందింది. అందులో పసిబిడ్డకు సంబంధించిన ఒక సన్నివేశం పెద్దవాళ్లనే కుదిపేస్తుంది.

ఇక వెండి ముద్ర. అది రెండో రకం సరుకు కాదు. ఏటా బంగారు పతకం ఒక్క పుస్తకానికే దక్కుతుంది. చర్చలో దాని పక్కన నిలబడిన మరికొన్నింటిని ఆనర్ పుస్తకాలుగా ప్రకటిస్తారు. 1953లో బంగారు పతకం సీక్రెట్ ఆఫ్ ది ఆండీస్ అనే నవలకు వచ్చింది. ఆ ఏడాది ఆనర్‌తో సరిపెట్టుకున్న పుస్తకం షార్లట్స్ వెబ్. ఈ రెండింటిలో ఇవాళ ఏ ఇంట్లో ఏది చదువుతున్నారో వేరే చెప్పనక్కరలేదు. కొద్దిమంది పెద్దలు ఒకచోట కూర్చుని తీసుకున్న నిర్ణయానికీ, డెబ్బై ఏళ్లుగా పిల్లలు ఇచ్చిన తీర్పుకూ మధ్య దూరం అంత ఉండవచ్చు. కాబట్టి బంగారం, వెండి అనే తేడా చూడకుండా వెతకండి.

మీ పాపకు మొదట ఇవ్వవలసింది ఈ షార్లట్స్ వెబ్ అనే నా అభిప్రాయం. ఇందులోనూ మరణం ఉంది. కథ మొదలవడమే తండ్రి గొడ్డలి పట్టుకుని ఎక్కడికి వెళ్తున్నాడని కూతురు అడగడంతో మొదలవుతుంది. బక్కచిక్కి పుట్టిన పందిపిల్లను ఆ అమ్మాయి కాపాడుతుంది, తర్వాత కొట్టంలోని సాలీడు తన గూటిలో మాటలు అల్లి దాన్ని కాపాడుతుంది, చివరికి ఆ సాలీడు చనిపోతుంది. అయితే ఇ. బి. వైట్ ఆ చావును ఋతువుల నడకలో కలిపేశారు. ఆకురాలే కాలం వచ్చిందని చిమ్మెటలు పాడతాయి, గుడ్ల సంచి భద్రంగా కొట్టానికి చేరుతుంది, వసంతంలో పిల్లలు పుడతాయి. దుఃఖం వచ్చే లోపే దాన్ని మోయగల బలాన్ని పిల్లలకు అందించే నేర్పు ఈ పుస్తకంలో ఉన్నంతగా మరెక్కడా నేను చూడలేదు. టెరబీతియాతో గాయపడిన పాపకు ఇది మందులా పనిచేస్తుంది. రోజుకొక అధ్యాయం చొప్పున మీరే పైకి చదివి వినిపించండి. అయిదేళ్ల బాబు కూడా పక్కన చేరి వింటాడు. వాడికి పందిపిల్ల, ఎలుక చాలు.

దీని తర్వాత బికాజ్ ఆఫ్ విన్-డిక్సీ, 2001 ఆనర్. ఫ్లోరిడాలో ఒక చిన్న ఊరికి కొత్తగా వచ్చిన పదేళ్ల అమ్మాయి, సూపర్‌మార్కెట్‌లో దొరికిన వీధికుక్క, ఇల్లు విడిచి వెళ్లిపోయిన తల్లి, ఆమె గురించి మాట్లాడలేని తండ్రి. కేట్ డికామిల్లో వాక్యాలు చిన్నవి, చూపు మాత్రం లోతైనది. అందులో ఎలుగుబంటికి పుస్తకం విసిరిన ఒక లైబ్రేరియన్ ఉంది, వృత్తిరీత్యా ఆమె మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. పుస్తకం లావు చూసి జంకే పిల్లలకైతే ద వన్ అండ్ ఓన్లీ ఐవన్ ఇచ్చేదాన్ని. 2013 పతకం పొందిన ఈ కథను ఒక గొరిల్లా చెబుతుంది. కొన్ని అధ్యాయాలు అరపేజీ కూడా ఉండవు. వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాలో ఒక షాపింగ్ మాల్‌లో ఇరవై ఏడేళ్లు బందీగా బతికి, 1994లో అట్లాంటా జూకు చేరిన ఐవన్ అనే నిజమైన గొరిల్లా ఈ నవలకు ఆధారం. చదివాక ఆ నిజ జీవితపు ఫొటోలు చూపిస్తే పిల్లలు రోజుల తరబడి ప్రశ్నలు అడుగుతారు.

పదేళ్లు నిండుతుండగా లోయిస్ లౌరీదే నంబర్ ది స్టార్స్ ఇవ్వండి. 1990 పతకం. 1943లో నాజీల ఆక్రమణలో ఉన్న కోపెన్‌హాగన్‌లో ఒక పదేళ్ల డేనిష్ అమ్మాయి తన యూదు స్నేహితురాలిని కాపాడే కథ. డెన్మార్క్ ప్రజలు దాదాపు ఏడు వేల మంది యూదులను చేపల పడవల్లో స్వీడన్‌కు దాటించిన చరిత్ర మీద అది నిలబడింది. పడవల్లో మనుషుల్ని దాచినప్పుడు కుక్కలు వాసన పట్టకుండా శాస్త్రవేత్తలు తయారుచేసిన చేతిరుమాలు సంగతి కూడా నిజంగా జరిగినదే. భయం ఉంటుంది, క్రూరత్వం కళ్లెదుట ఉండదు. యుద్ధాన్ని ఆ వయసు పిల్లలకు పరిచయం చేయడానికి ఇంతకంటే బాధ్యతగా రాసిన పుస్తకం నేను చూడలేదు.

వలస వచ్చిన ఇంటి పిల్లలకు మరో రెండు పుస్తకాలు ప్రత్యేకంగా చెబుతాను, రెండింటిదీ వెండి ముద్రే. మొదటిది ఇన్‌సైడ్ అవుట్ అండ్ బ్యాక్ అగెయిన్, 2012 ఆనర్. 1975లో సైగాన్ పతనమైనప్పుడు తల్లితో, అన్నలతో ఓడెక్కి, చివరికి అలబామాలో తేలిన పదేళ్ల వియత్నామీ అమ్మాయి కథ ఇది. రచయిత్రి తాన్హా లాయ్ తన సొంత బాల్యాన్నే వచన కవితలుగా రాశారు. బడిలో పిల్లలు ఆ అమ్మాయి పేరును నవ్వు శబ్దంగా మార్చి ఎగతాళి చేస్తారు. పెరట్లో తాను పెంచుకున్న బొప్పాయి చెట్టును వదిలి వచ్చిన ఆ పిల్లకు ఎవరో ఎండబెట్టిన తియ్యటి బొప్పాయి ముక్కలు తెచ్చిస్తే కోపంతో పారేస్తుంది. తల్లి వాటిని నీళ్లలో నానబెట్టి మెత్తగా చేసి మళ్లీ ముందు పెడుతుంది. అదే కాదు గానీ ఫరవాలేదు అనుకోవడం ఆ రాత్రి ఆ పిల్ల నేర్చుకుంటుంది. టీచరు హాజరు పిలిచేటప్పుడు తన పేరు దగ్గర ఆగిపోవడం రోజూ చూసే మన పిల్లలకు ఈ పుస్తకాన్ని ఎవరూ వివరించనక్కరలేదు. పంక్తులు చిన్నవి కాబట్టి నెమ్మదిగా చదివేవాళ్లు కూడా రెండు మూడు రోజుల్లో ముగిస్తారు.

రెండోది వీరా హిరానందానీ రాసిన ది నైట్ డైరీ, 2019 ఆనర్. 1947లో, ఇప్పటి పాకిస్తాన్‌లోని మీర్‌పూర్ ఖాస్‌లో ఉండే పన్నెండేళ్ల నిషా, తమను కని చనిపోయిన తల్లికి రోజూ రాత్రి డైరీలో ఉత్తరాలు రాస్తుంది. తండ్రి హిందువు, తల్లి ముస్లిం; గీత గీసిన తర్వాత తాను ఎటు చెందుతుందో ఆ పిల్లకు తెలియదు. కవల తమ్ముడితో, తండ్రితో, నాయనమ్మతో కలిసి ఎడారి దాటి జోధ్‌పూర్ చేరాలి. దేశ విభజన మన తెలుగు ఇళ్ల జ్ఞాపకాల్లో పెద్దగా లేదు. పంజాబీ, సింధీ, బెంగాలీ కుటుంబాల పిల్లలకు తాతల నోట విన్న కథ అయితే, మన పిల్లలకు పాఠ్యపుస్తకంలో ఒక పేరా. ఆ లోటు ఈ పుస్తకం తీరుస్తుంది. దప్పిక, దాడి వంటి సన్నివేశాలు ఉన్నాయి కాబట్టి పదకొండేళ్ల దాకా ఆగితే మంచిది.

బొమ్మలతో నడిచే పుస్తకాలు చదువు కిందికి రావని మీరు రాసిన మాటతో మాత్రం ఏకీభవించలేను. 2020లో జెర్రీ క్రాఫ్ట్ గీసి రాసిన న్యూ కిడ్‌కు న్యూబెరీ పతకం దక్కింది. గ్రాఫిక్ నవలకు అది రావడం అదే మొదటిసారి. ఖరీదైన ప్రైవేటు బడిలో చేరిన నల్లజాతి కుర్రవాడు రెండు ప్రపంచాల మధ్య రోజూ బస్సులో తిరగడమే ఆ కథ. అంతకు నాలుగేళ్ల ముందు, 2016లో, అదే పతకం లాస్ట్ స్టాప్ ఆన్ మార్కెట్ స్ట్రీట్ అనే బొమ్మల పుస్తకానికి ఇచ్చారు. ఆదివారం చర్చి నుంచి నాయనమ్మతో బస్సెక్కి ఉచిత భోజనశాలకు వెళ్లే పిల్లవాడు మనకెందుకు కారు లేదని అడుగుతాడు. మన పిల్లలు కారు వెనుక సీట్లోంచి చూసే లోకాన్ని ఆ పిల్లవాడు బస్సు కిటికీలోంచి చూపిస్తాడు. మీ బాబుకు ఇది తప్పకుండా చదవండి.

బాబు వయసుకు అసలు వెతకవలసింది కాల్డికాట్ ముద్ర. ఇంగ్లీషు చిత్రకారుడు రాండాల్ఫ్ కాల్డికాట్ పేరు మీద 1938 నుంచి ఇస్తున్న ఈ పతకం బొమ్మలు వేసినవారికి దక్కుతుంది, కాబట్టి ఈ పుస్తకాలను అక్షరాలు మాత్రమే చదివి పేజీ తిప్పేస్తే సగం పుస్తకం చదవనట్టే. వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్ తీసుకోండి, 1964 పతకం. మొత్తం మూడు వందల పైచిలుకు మాటలే. మొదటి పేజీల్లో బొమ్మ చిన్న చట్రంలో ఉంటుంది. గది అడవిగా మారేకొద్దీ బొమ్మ పెరుగుతూ తెల్లటి అంచులను మింగేస్తుంది. భూతాల వీరంగం దగ్గరికి వచ్చేసరికి అక్షరమే ఉండదు, ఎదురెదురు పేజీలు మూడు జతలు బొమ్మలే. ఇంటికి తిరిగి వస్తుంటే మళ్లీ తెల్లదనం వస్తుంది. మోరిస్ సెండక్ చేసిన ఈ ఏర్పాటును అయిదేళ్ల పిల్లలు మాటల్లో చెప్పలేకపోయినా ఒంటితో గ్రహిస్తారు. మా లైబ్రరీకి వచ్చిన ఒక తెలుగు పెద్దావిడ ఈ కథ విని, అల్లరి చేస్తే మాత్రం పిల్లవాడికి అన్నం పెట్టకుండా పడుకోబెడతారా అని నిజంగానే నొచ్చుకున్నారు. చివరి పేజీలో భోజనం గదిలోనే ఎదురుచూస్తోందనీ, ఇంకా వేడిగానే ఉందనీ చెప్పాక ఆవిడ ముఖం తేరుకుంది. ఆ తల్లి బొమ్మ పుస్తకంలో ఎక్కడా కనబడదు, ఆ వేడన్నమే తల్లి.

ది స్నోయీ డే, 1963 పతకం, ఇంకా చిన్నపిల్లలకు కూడా బాగుంటుంది. ఎర్రకోటు తొడుక్కున్న పీటర్ మంచులో ఒక రోజంతా ఆడుకుంటాడు, ఒక మంచుముద్దను జేబులో దాచుకుంటాడు, అది కరిగిపోతుంది, అంతే కథ. ఎజ్రా జాక్ కీట్స్ 1940లో ఒక పత్రికలో చూసిన నల్లజాతి బాలుడి ఫొటోలను కత్తిరించి ఇరవై ఏళ్లకు పైగా దాచుకుని ఈ బొమ్మలు చేశారు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 2020లో తన 125 ఏళ్ల లెక్కలు తీస్తే, ఆ లైబ్రరీ చరిత్రలో అందరూ అన్నిటికంటే ఎక్కువగా తీసుకెళ్లిన పుస్తకం ఇదేనని తేలింది, 4,85,583 సార్లు. పతకమూ పిల్లల మనసూ ఒకే పుస్తకం మీద వాలిన అరుదైన సందర్భాల్లో ఇదొకటి. బాతుపిల్లల కోసం పోలీసు బోస్టన్ నగరంలో కార్లు ఆపే మేక్ వే ఫర్ డక్లింగ్స్, 1942 పతకం, అటువంటిదే. ఎప్పుడైనా బోస్టన్ వెళితే పబ్లిక్ గార్డెన్‌లో ఆ తల్లిబాతు, ఎనిమిది పిల్లల కంచుబొమ్మల మీద బాబును కూర్చోబెట్టవచ్చు. బాబు తానే అక్షరాలు కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టాక గైజెల్ అవార్డు ముద్ర చూడండి. అది కొత్తగా చదవడం నేర్చుకుంటున్న పిల్లల పుస్తకాలకే ప్రత్యేకించినది. మో విలెమ్స్ ఏనుగు, పందిపిల్ల జంటతో చేసిన దేర్ ఈజ్ ఎ బర్డ్ ఆన్ యువర్ హెడ్‌కు 2008లో అది వచ్చింది.

మీ అత్తగారి విషయంలో మీకు దిగులే అక్కరలేదు, ఎందుకంటే కాల్డికాట్ పుస్తకాల్లో మాటలే లేనివి ఉన్నాయి. జెర్రీ పింక్నీ చేసిన ది లయన్ అండ్ ది మౌస్, 2010 పతకం, ముఖచిత్రం మీద సింహం ముఖం తప్ప పేరు కూడా ఉండదు. లోపల గుడ్లగూబ అరుపు, ఎలుక కిచకిచ, సింహం గర్జన లాంటి చప్పుళ్లే అచ్చయి ఉంటాయి. సెరెంగెటీ గడ్డిమైదానంలో నడిచే ఆ కథ మీ అత్తగారికి చిన్నప్పటి నుంచి తెలుసు. ఆవిడ మాటల్లో, ఆవిడ ఊరి యాసలో, ఆవిడ కలిపే కొసరు మాటలతో బాబు దాన్ని విననివ్వండి. మా లైబ్రరీలో ఒక నానమ్మ నేల మీద కూర్చుని ఈ పుస్తకం తెలుగులో చెబుతుంటే, భాష రాని పిల్లలు కూడా ఇద్దరు ముగ్గురు వచ్చి చుట్టూ చేరారు. ఇంగ్లీషు పుస్తకాల మధ్య పెద్దవాళ్లు అతిథుల్లా కూర్చోవలసిన ఇళ్లలో ఇటువంటి పుస్తకం చేసే మేలు చాలా పెద్దది. డేవిడ్ వీజ్నర్ చేసిన ట్యూజ్‌డే, 1992 పతకం, కూడా దాదాపు మాటలు లేనిదే; ఒక మంగళవారం రాత్రి కప్పలు తామరాకుల మీద ఎక్కి ఊరి మీదుగా ఎగురుతాయి.

వల కొరికే ఎలుక అనగానే మీ అత్తగారికి హిరణ్యకుడు గుర్తుకు రావచ్చు. చిన్నయసూరి నీతిచంద్రికలోని మిత్రలాభంలో గోదావరి తీరాన బూరుగు చెట్టు, వలలో పడిన పావురాలు, వాటి రాజు చిత్రగ్రీవుడు మన పాతతరం బడుల్లో కంఠస్థమైన కథ. ఆ పేరే న్యూబెరీ జాబితాలో ఉందంటే చాలామంది నమ్మరు. 1928 పతకం పొందిన గే-నెక్ కథానాయకుడి అసలు పేరు చిత్రగ్రీవం, రంగురంగుల మెడ గల పావురం. రచయిత ధనగోపాల్ ముఖర్జీ కలకత్తా దగ్గర పుట్టి అమెరికాలో స్థిరపడ్డారు. భారతదేశంలో పుట్టిన రచయితకు ఈ పతకం రావడం అదే మొదలు. కలకత్తా మిద్దె మీద పెరిగిన పావురం హిమాలయాల్లో డేగల భయం చవిచూసి, మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ రణరంగం మీదుగా సందేశాలు మోసి, బెదిరిపోయి తిరిగి వచ్చి, ఒక లామా సాంత్వనతో ధైర్యం కూడగట్టుకుంటుంది. వందేళ్ల నాటి ఇంగ్లీషు కాబట్టి కాస్త అలంకారంగా ఉంటుంది, యుద్ధం భాగం నెమ్మదిగా సాగుతుంది. పాప పదకొండు, పన్నెండేళ్లప్పుడు మీరు పైకి చదివితే రుచిస్తుంది. తొలినాటి జాబితా నుంచి ఒక్కటే ఎంచమంటే నేను దీన్నే ఎంచుతాను.

మీ అత్తగారూ, మీరూ, పాపా ముగ్గురూ కలిసి చూడవలసిన పుస్తకం ఒకటి మిగిలింది. వాటర్‌క్రెస్‌కు 2022లో కాల్డికాట్ పతకం, న్యూబెరీ ఆనర్ రెండూ వచ్చాయి. ఒహాయోలో చైనా నుంచి వచ్చిన అమ్మానాన్నలు రోడ్డు పక్కన పాత కారు ఆపి, కాలువలో పెరిగిన ఆకుకూర కోయమని పిల్లల్ని దింపుతారు. ఎవరైనా చూస్తారేమోనని కూతురు సిగ్గుతో చచ్చిపోతుంది, రాత్రి ఆ కూర ముట్టనంటుంది. అప్పుడు తల్లి తన చిన్ననాటి ఫొటో తెచ్చి, కరువులో పోయిన తమ్ముడి సంగతి మొదటిసారి చెబుతుంది. జేసన్ చిన్ నీటిరంగుల్లో వేసిన ఒక బొమ్మలో ఎడమవైపు ఒహాయో మొక్కజొన్న చేను కుడివైపుకు వచ్చేసరికి చైనా వెదురుగా మారిపోతుంది. చెరువుగట్టున పొన్నగంటి కూర కోసుకొచ్చిన రోజులు మీ అత్తగారికి ఉంటే, ఆ పేజీ దగ్గర ఆగి అడగండి. పాప వినని కథ ఏదో ఒకటి ఆ రోజు బయటికి వస్తుంది.

తెలుగు గురించి. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి 24 భాషల్లో ఏటా బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది. తెలుగులో మొదటి పురస్కారం కలువకొలను సదానంద రాసిన అడవితల్లి నవలకు వచ్చింది. ఆ తర్వాత డి. సుజాతాదేవి ఆటలో అరటిపండు, దాసరి వెంకటరమణ ఆనందం, బెలగాం భీమేశ్వరరావు తాత మాట వరాల మూట, కన్నెగంటి అనసూయ స్నేహితులు, డి. కె. చదువులబాబు వజ్రాల వాన కథల పుస్తకాలుగా ఈ గౌరవం పొందాయి. న్యూబెరీకి ఉన్నట్టు ఒక ఏడాది పుస్తకానికే ఇవ్వాలన్న నియమం దీనికి లేదు. చొక్కాపు వెంకటరమణ, వాసాల నరసయ్యలకు మొత్తం కృషికి గాను వచ్చింది. తెలుగు వినగలిగినా చదవలేని పిల్లలున్న ఇంట్లో కథల పుస్తకం కంటే గేయాలు ముందు పనికివస్తాయి, ఎందుకంటే అర్థం పూర్తిగా తెలియకపోయినా లయ నోట నిలుస్తుంది. నారంశెట్టి ఉమామహేశ్వరరావు ఆనందలోకం, ఆలపర్తి వెంకటసుబ్బారావు స్వర్ణపుష్పాలు గేయాలకు పురస్కారం పొందినవే. దేవరాజు మహారాజు రాసిన నేను అంటే ఎవరు? నాటకం. మీ ఊరి తెలుగు బడిలో ఉగాదికో సంక్రాంతికో పిల్లలతో వేయించడానికి ఏం దొరుకుతుందా అని ఏటా వెతుక్కునేవాళ్లు దీన్ని చూడాలి.

ఇవి అమెరికా లైబ్రరీల్లో దొరకడం కష్టం. మీరు ఇండియా వెళ్లినప్పుడు హైదరాబాద్, విజయవాడల్లోని పుస్తకాల దుకాణాల్లో అడగండి, లేదా అక్కడి బంధువులతో ముందుగా చెప్పి తెప్పించి ఉంచండి. పిల్లల పుస్తకాలు చిన్న సంఖ్యలో అచ్చయి త్వరగా అయిపోతాయి, కాబట్టి రచయిత పేరు, పుస్తకం పేరు రెండూ రాసి పంపాలి. ఈలోగా ఈ శనివారానికి లైబ్రరీ నుంచి షార్లట్స్ వెబ్, ది లయన్ అండ్ ది మౌస్ రెండే తెచ్చుకోండి. మొదటిది మీరు చదవడానికి, రెండోది అత్తగారు చెప్పడానికి. టెరబీతియాను వెంటనే తిరిగి ఇచ్చేయకుండా, మీరు చదివి పాపతో మాట్లాడే దాకా ఇంట్లోనే ఉంచండి.